సగం కటింగు

మా సౌభాగ్య ఈ లోకంలో చివరిగా చేసిన పని నా తలకు ఎడమవైపు కటింగు చేయడం. కుడివైపు చేయలేదు. దానికి కారణం జబ్బు కాదు, అలసట కాదు, కరెంటు బిల్లు.

ఆ ఆదివారం సాయంత్రం నాంపల్లిలో మా ఇంటి బాల్కనీలో, నడిమధ్య చిల్లు పెట్టిన ఇంగ్లిష్ పేపరు మెడకు తొడుక్కుని స్టూలు మీద కూర్చున్నాను. ఇంగ్లిష్ పేపరే ఎందుకంటే అది వెడల్పుగా ఉంటుంది, దులిపి దాచుకుంటే మళ్ళీ పనికొస్తుంది. ఎడమ చెవి పైభాగం పూర్తయ్యేసరికి ఎదుటి లాడ్జి వెనక్కి పొద్దు జారిపోయింది. లైటు వేయమన్నాను. కత్తెర ఆపి, నేనేదో ఇల్లు అమ్మేయమన్నట్టు చూసింది.

"గీ నాలుగు వెంట్రుకలకు లైటా? పొద్దుగాల సూర్యుడు ఊకెనే వస్తడు. అప్పుడు చేస్త, లేవున్రి."

పొద్దున సూర్యుడు ఊరికే వచ్చాడు. ఆమె లేవలేదు. నిద్రలోనే గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. దవాఖాన లేదు, మందు లేదు, ఒక్క మాత్ర కూడా లేదు. పైసా ఖర్చు లేకుండా వెళ్ళిపోయింది. ఆమెను ఎరిగినవాళ్ళు ఏడ్చారు గాని ఆశ్చర్యపోలేదు.

సౌభాగ్య గుణం ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఏ వస్తువునూ దాని ప్రాణం పూర్తిగా పోయేదాకా వదిలేది కాదు. టూత్‌పేస్టు ట్యూబును మొదట వేళ్ళతో, తర్వాత రొట్టెల కర్రతో ఒత్తేది. అదీ అయ్యాక కత్తెరతో నిలువునా చీల్చి, లోపలి గోడలకు అంటుకున్నది మా బ్రష్షులతో గీకించేది. ఆ తర్వాత కూడా ట్యూబుకు సెలవు లేదు. దాన్ని తిరగేసి దేవుడి దగ్గరి ఇత్తడి దీపాలు తోమేది. సబ్బు అరిగి బిళ్ళయితే కొత్త సబ్బు వీపుకు అతికించేది. మా స్నానాలగదిలో సబ్బుకు పుట్టుక ఉండేది గాని చావు ఉండేది కాదు. గులాబీ రంగు మీద ఆకుపచ్చ, దాని మీద పసుపుపచ్చ. మా అబ్బాయి సుశాంత్ చిన్నప్పుడు సబ్బులన్నీ అలాగే తయారవుతాయనుకుని, చుట్టాలింట్లో ఒకే రంగు సబ్బు చూసి భయపడ్డాడు.

పౌడరు డబ్బా మూతకు బోలెడు చిల్లులుంటాయి కదా. ఆమె ఒక్కదాన్ని వదిలి మిగతావన్నీ కొవ్వొత్తి మైనంతో మూసేసింది. డబ్బాను ఎంత ఊపినా ఒక సన్నటి గీత మాత్రం పడేది. పెళ్ళిళ్ళకు వెళ్ళే ముందు మేమిద్దరం ఆ డబ్బాతో కుస్తీ పడేవాళ్ళం. లిప్‌స్టిక్ బదులు బీట్‌రూటు ముక్క పెదాలకు రుద్దుకునేది. నిజం చెప్పొద్దూ, బాగానే ఉండేది. పెళ్ళి నుంచి వచ్చాక ఆ ముక్కను కడిగి మర్నాటి కూరలో వేసేది. ఆ కూర తింటున్నప్పుడు నాకు కొంచెం సిగ్గేసేది.

ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు వెతకడం నాకున్న ఒకే ఒక్క వ్యసనం. ఒకసారి ఆమె కూడా వచ్చింది. నేను ఎన్నాళ్ళుగానో వెతుకుతున్న సన్నటి కవితల పుస్తకం దొరికింది. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని, తూచి, పేజీలు తిప్పింది. పేజీకి నాలుగే పాదాలున్నాయి, చుట్టూ అంతా ఖాళీ కాగితమేనని అమ్మేవాడిని నిలదీసింది. ఖాళీకి కూడా రేటేందని అడిగింది. అతని దగ్గర జవాబు లేదు. నిజానికి కవుల దగ్గర కూడా లేదు. సగం ధరకు ఇచ్చేశాడు.

ఇంట్లో అద్దం ఒక్కటే. అదీ గోడకు మేకు కొట్టి బిగించినది. రెండోది కొందామంటే ఆమె మాట ఎప్పుడూ ఒకటే: "మొఖం ఒక్కటి, అద్దాలు రెండెందుకు?" ఒక బతుకమ్మ పండగకు అబిడ్స్‌లో చీర కొంటే షాపువాళ్ళు ఉచితంగా చేతి అద్దం ఇచ్చారు. ఆమె దాన్ని కౌంటరు మీదే వదిలేసి, దాని బదులు దువ్వెన ఇమ్మని పేచీ పెట్టింది. ఉచితంగా వచ్చినదాన్ని సౌభాగ్య తిరగ్గొట్టడం నేను చూడటం అదే మొదలు. ఆ దువ్వెనకు అప్పటికే రెండు పళ్ళు లేవు కూడా.

ఇక నా తల సంగతి. నాకు జుట్టు మీద మమకారం ఎక్కువ. మా నాన్నకు నలభై దాటకముందే బట్టతల వచ్చింది. అది నాకు రాకపోవడం నా ప్రతిభేనని చాలాకాలం నమ్మాను. కాలేజీలో తెలుగు చెప్పేవాణ్ణి, సభల్లో మాట్లాడేవాణ్ణి. మాట తడబడినప్పుడల్లా జుట్టు వెనక్కి తోసుకుంటే మళ్ళీ దారిలో పడేది. మా సహోద్యోగి జగన్మోహనరావు బట్టతల మీద ఒకసారి పద్యం కట్టి స్టాఫ్‌రూములో చదివాను. ఇంటికొచ్చి సౌభాగ్యకూ వినిపించి, నాకు గనక ఆ గతి పడితే సభలెక్కడం మానేసి ఇంట్లో కూర్చుంటానన్నాను. ఆమె నవ్వలేదు. పద్యం బాగాలేదేమో అనుకున్నాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకు, ఒక ఆదివారం నా తలకు నూనె పెడుతూ ఉన్నట్టుండి చేయి ఆపింది. ఏమైందన్నాను.

"ఏం లేదు. సెలూనోడు రేటు పెంచిండట గద?"

పెంచాడేమో, నాకు తెలియదన్నాను.

"ఇగ మీరు పోకున్రి. కటింగు నేనే చేస్త."

మనసులో లెక్కలు వేసుకుంటూ చేయి ఆపిందనుకున్నాను. ఆనాటి నుంచి నా తల ఆమెదైపోయింది. కటింగు ఒక్కటే కాదు, తలంటు కూడా. నా చేతికి షాంపూ ఇస్తే మూసీ నిండేంత నురుగు చేస్తానట. బేగం బజార్ నుంచి సంచుల కొద్దీ కుంకుడుకాయలు తెచ్చి, ఉడకబెట్టి, తనే రుద్ది తనే నీళ్ళు పోసేది. నేను కళ్ళు మూసుకుని కూర్చోవడమే.

కటింగు ఆమెకు వచ్చిందని ఎవరూ అనలేరు. ముందు బాగానే తగ్గించేది. వెనక్కి వచ్చేసరికి కత్తెర ముందుకు నడిచేది కాదు. మెడ మీద జులపాలు అలాగే వేలాడేవి. వెనక కూడా తీయమని ఎన్నోసార్లు పోట్లాడాను. కత్తెర మొండిదైందనేది. సాన పట్టిద్దామంటే సానవాడు రేటు పెంచాడనేది. జగన్మోహనరావు నా పద్యానికి బదులు తీర్చుకునే అవకాశం వదులుకోలేదు.

"సదాశివగారు, ఎన్కనుంచి చూస్తే మీరు మహాకవి. ముందుకొచ్చి చూస్తే మున్సిపల్ గుమాస్తా."

ఇది చాలదన్నట్టు ఉల్లిగడ్డ ఒకటి. కూరకు తరగ్గా మిగిలిన ఉల్లిగడ్డ ముక్కలు పారేయడం ఇష్టం లేక, వాటిని నలిపి నా తల వెనక రుద్దేది. దాంతో నూనె తక్కువ పడుతుందని ఆమె సిద్ధాంతం. నేను క్లాసులో ప్రబంధ నాయిక జడ వర్ణన చెబుతుంటే ముందు బెంచీ పిల్లలు ముక్కు మూసుకునేవాళ్ళు. నేను పక్కన కూర్చుంటే మిర్చిబజ్జీ బండి గుర్తొచ్చి ఆకలేస్తోందని జగన్మోహనరావు మధ్యాహ్నం కాకముందే టిఫిన్ డబ్బా విప్పేవాడు.

ఒకరోజు విసుగెత్తి, యాదగిరిగుట్టకు వెళ్ళి గుండు కొట్టించుకుంటాను, నీకు ఆర్నెల్లు కత్తెర పని తప్పుతుంది, దేవుడికి మొక్కూ తీరుతుంది అన్నాను. ఎగిరి గంతేస్తుందనుకున్నాను. ఆమె చేతిలోని గరిటె గిన్నెలో పడేసి, గుండు మాట ఇంకోసారి ఎత్తితే బాగుండదంది. ఆ పూట అన్నం పెట్టింది గాని మాట్లాడలేదు. ఇంత లాభసాటి బేరం ఎందుకు కాదందో నాకు అంతుబట్టలేదు. ఆమె పిసినారితనానికి కూడా ఒక పద్ధతి లేదని స్నేహితులందరికీ చెప్పి నవ్వించాను.

ఇప్పుడు నవ్వించాలన్నా ఎవరూ రావడం లేదు. స్నానాలగదిలో చీల్చిన ట్యూబు అలాగే ఉంది. అందులో ఇంకా రెండు రోజుల పేస్టు మిగిలే ఉంటుంది, ఆమె ఉంటే మూడు రోజులు వచ్చేది. నాకు గీకబుద్ధి కావడం లేదు, పారేయబుద్ధి కావడం లేదు. ఇంట్లో లైట్లన్నీ పగలు కూడా వేసే ఉంచుతున్నాను. ఎవరైనా వచ్చి తిట్టి ఆర్పేస్తారేమోనని. ఎవరూ రారు. అవి వెలుగుతూనే ఉంటాయి.

కర్మల రోజు సుశాంత్ గుండు చేయించుకున్నాడు. క్షవరం చేసేవాడు తర్వాత నా వైపు తిరిగాడు. నేను రెండు చేతులతో తల పట్టుకున్నాను. పెద్దవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. సగం తలతో ఊళ్ళో ఎలా తిరుగుతావన్నారు.

"సగం ఆమె చేసింది. ఇంకో సగం కూడా ఆమెదే. ఎవరూ ముట్టుకోవద్దు" అన్నాను.

దుఃఖంలో మతి చలించిందని వదిలేశారు. అది నిజమే కావచ్చు. ఆ ఎడమవైపు జుట్టు రోజురోజుకూ పెరుగుతుంటే నాకు భయమేసేది. అది కుడివైపుతో కలిసిపోయిన రోజున ఆమె చేసిన చివరి పని నా తల మీద కనబడకుండా పోతుంది. పెరగొద్దని జుట్టును బతిమాలుకున్న మనిషిని ఎక్కడైనా చూశారా?

ఇంతలో బ్యాంకువాళ్ళు మా ఇద్దరి పేరున ఉన్న ఖాతాను నా ఒక్కడి పేరుకు మార్చాలన్నారు, కొత్త ఫొటో తెమ్మన్నారు. అబిడ్స్‌లో ఒక స్టూడియోకు వెళ్ళాను. అక్కడి అమ్మాయి కెమెరా ఎత్తి మళ్ళీ దించింది.

"అంకుల్, ఒక దిక్కు కటింగ్ ఐంది, ఒక దిక్కు గాలే. గిట్లనే తియ్యాల్నా?"

అలాగే తియ్యమన్నాను. తీసి తెరమీద చూపించింది. ఎడమ సగం ఒక ఇంటివాడిలా ఉంది. కుడి సగం రైల్వేస్టేషన్‌లో పడుకునేవాడిలా ఉంది. చూస్తుంటే సౌభాగ్య గొంతు చెవిలో స్పష్టంగా వినబడింది: పైసలిచ్చి గిట్ల దిగుతరా ఫొటో? కాసేపట్లో వస్తానని చెప్పి బయటపడ్డాను.

నాంపల్లికి తిరిగొచ్చే దారిలో రత్నాకర్ సెలూన్ ఉంది. మిట్టమధ్యాహ్నం లోపల ట్యూబులైట్లన్నీ వెలుగుతున్నాయి. కుర్చీలో కూర్చున్నాను. అతను నా తల చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఎవలు చేసిన్రు సార్ గిది?"

"మా ఇంటావిడ."

"మరి గీ సగం?"

"పొద్దు పోయింది" అన్నాను. అతను కత్తెర తీసుకున్నాడు.

కుడివైపు ఎడమతో సమానం చేశాడు. నేను కళ్ళు మూసుకున్నాను. కత్తెర చప్పుడు వెనక్కి వచ్చింది. మెడ మీది జులపాలు దువ్వెనతో పైకెత్తాడు. ఉన్నట్టుండి చేయి ఆగింది.

ఆ ఆగడం నాకు తెలుసు. ఎన్నో ఏళ్ళ కింద, నూనె చేత్తో, ఆమె ఆగింది సరిగ్గా అలాగే.

"సార్, ఎన్కాల గూడ చిన్నగ చేయాల్నా? చేస్తే గిది కనవడ్తది."

ఏదన్నాను. అతను చేతి అద్దం తెచ్చి తల వెనక పట్టాడు. ముందున్న అద్దంలో, నా జులపాల కింద, పానీపూరీ అంత వెడల్పున నున్నటి బోడి మచ్చ మెరిసింది. పేనుకొరుకుడు. నా తల వెనక, నా సభలన్నిటిలో, నా పద్యాలన్నిటి వెనక అది కూర్చునే ఉంది.

"మీకు ఎర్కలేదా సార్? గిది కొత్తది కాదు, చాన పాతది. జర తగ్గుతున్నది, అంచులకు సన్నగ వెంట్రుకలొస్తున్నయి. ఏం వెడ్తున్రు?"

"ఉల్లిగడ్డ" అన్నాను.

వెనక జుట్టు ఉన్నదున్నట్టు వదిలేయమన్నాను. రత్నాకర్ దాన్ని మెల్లగా మచ్చ మీదికి దువ్వి సర్దాడు. స్టూడియోకు వెళ్ళి ఫొటో దిగాను. ముందు నుంచి చూస్తే మున్సిపల్ గుమాస్తానే. ఆ రోజు సాయంత్రం జగన్మోహనరావుకు ఫోను చేసి, నా పద్యం వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. ఏ పద్యమన్నాడు. ఆయన ఎప్పుడో మరిచిపోయాడు.

తర్వాత వంటింట్లో లైటు ఆర్పి, వెలుతురున్నప్పుడే పని కానిద్దామని ఉల్లిగడ్డ కోశాను. సగం రేపటి పప్పుకు మూత కింద దాచాను. మిగతా సగం నలుపుకుంటూ బాల్కనీలోకి వచ్చి, స్టూలు మీద కూర్చుని, చేయి తల వెనక్కి పెట్టాను. జులపాల కింద వేలు ఎంత తిప్పినా ఆ చోటు దొరకలేదు. లేచి లోపలికి వెళ్ళి చూసుకుందామనుకున్నాను. మా ఇంట్లో అద్దం ఒక్కటే.