సౌండ్ కార్డుకు సిందూరం

మా క్వార్టర్లో ఆదివారం పొద్దున అంటే మా మామగారు పెద్ద హెడ్‌ఫోన్ పెట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చోవడం. బొబ్బిలి దగ్గర పల్లెలో ఉన్న చెల్లెలితో ఆయన తీరిగ్గా మాట్లాడేది అప్పుడే. ఆ ఆదివారం ఆమె తెర మీదకు వచ్చింది, పెదాలు కదిపింది, నవ్వింది కూడా. మామగారు హెడ్‌ఫోన్ తీసి అటూ ఇటూ చూసి, మళ్లీ పెట్టుకుని, నావైపు తిరిగారు.

"బంద్ అయిపోనాదమ్మా," అన్నారు.

ఆయన ఇక్కడి ఇనుపరాయి గనిలో రాయి తవ్వి ఎత్తే షావెల్ యంత్రం నడిపి రిటైరైన మనిషి. మా ఆయనకు కూడా గనిలోనే ఉద్యోగం కావడంతో ఈ గని ఊరు బచేలీ వదిలి వెళ్లే పని పడలేదు. ఆ యంత్రం హోరు ఆయన చెవుల్ని తినేసింది. గట్టిగా అరిస్తే శబ్దం తెలుస్తుంది, మాట తెలియదు. చెవి మిషన్ కొనిస్తే ఈల వేస్తోందని తీసి ట్రంకుపెట్టెలో పడేశారు. మళ్లీ దాని ఊసెత్తితే అన్నం దగ్గర నుంచి లేచిపోయేవారు.

నేను కాలనీ పిల్లలకు కంప్యూటర్ నేర్పుతాను. ఇంట్లో ఉన్న పాత డెస్క్‌టాప్‌లో ఉచితంగా దొరికే లినక్స్ వేసుకున్నది నేనే. అందులో మొదటినుంచీ ఉన్న సౌండ్ చచ్చిపోతే, దగ్గర్లోని గీదంలో పాత సామాన్ల షాపంతా గాలించి విడిగా ఒక సౌండ్ కార్డు తెచ్చి బిగించాను. మామగారి చెవికి అందని సన్నటి ధ్వనులను పెంచి, మోత తగ్గించే ప్రోగ్రాం ఒకటి దొరికింది. దాన్ని ఆయన చెవికి తగ్గట్టు సవరించడానికి వారం పట్టింది. చెల్లెలి మాట మాటగా వినబడిన రోజు ఆయన మధ్యాహ్నం అడిగి మరీ మారు అన్నం వడ్డించుకున్నారు.

అలాంటి కార్డు ఇప్పుడు మొహం చాటేసింది.

లినక్స్‌లో శబ్దం పోతే అనుమానించడానికి చుట్టాలు చాలామంది. ఎవరో మ్యూట్ నొక్కారేమో అని చూశాను, నొక్కలేదు. మానిటర్ తీగలోంచి కూడా శబ్దం పంపగలనని ఆ కంప్యూటర్‌కు ఒక గొప్ప. తెల్లారేసరికి ఆ దారినే ముందుకు తెచ్చుకుని, మా కార్డును వెనక్కి నెట్టేసేది. ఏది ముందో ఏది వెనకో ఫైల్లో రాసిపెట్టాను. రెండు రోజులు హాయిగా పలికింది, ఆదివారానికి మళ్లీ మూగబోయింది. కార్డును నడిపించే డ్రైవర్ ప్రోగ్రాం తీసి మళ్లీ ఎక్కించాను. లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌ను పాతది పెట్టి చూశాను. ఇంటర్నెట్‌లో ఎవరో పుణ్యాత్ముడు మొత్తం కొత్త వెర్షన్ వేసుకోమన్నాడు. వేసుకున్నాను. పరీక్షకు పెట్టిన పాట మోగింది, నేనూ ఇంట్లో కాస్త కాలరెగరేశాను. సాయంత్రానికి పాట మధ్యలో ఆగింది.

"దానికీ వీక్లీ ఆఫ్ ఉందేమో," అన్నాడు మా ఆయన షిఫ్టు నుంచి వచ్చి బూట్లు విప్పుకుంటూ. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ పూట టీ ఆయనే పెట్టుకున్నాడు.

ఇంతలో బొబ్బిలి నుంచి మామగారి చెల్లెలు నా ఫోనుకు చేసింది. అన్నయ్యకు తన మీద కోపమా అని అడిగింది. తనను చూడగానే లేచి వెళ్లిపోతున్నాడట. లేదు పిన్నీ, మిషన్ పాడైంది అన్నాను. నమ్మినట్టు లేదు. ఆ తర్వాతి ఆదివారం మామగారు అసలు కంప్యూటర్ దగ్గరకే రాలేదు, వరండాలో గోడకేసి కుర్చీ వేసుకున్నారు. నాకోసం తిప్పలు పడకమ్మా అన్నారు. నాకు భయమేసింది. వినబడని మనిషి ముందు ప్రశ్నలు మానేస్తాడు, తర్వాత మాటలు మానేస్తాడు. మా నాన్న చివరి రోజుల్లో నేను చూసిందే అది.

సాఫ్ట్‌వేర్‌తో వేగలేక చివరికి కంప్యూటర్‌ను సూటిగా అడిగాను, అసలు నీకు ఏమేం తగిలించి ఉన్నాయో చెప్పమని. అన్నీ చెప్పింది, మా కార్డు పేరే ఎత్తలేదు. కార్డు ఉన్న సంగతే తెలియని దానికి ఎన్ని డ్రైవర్లు మారిస్తే మాత్రం ఏం లాభం? జబ్బు ఒకచోట ఉంటే నేను మందు ఇంకోచోట రాస్తూ వచ్చాను. స్క్రూడ్రైవర్ తీసుకుని పెట్టె విప్పాను.

లోపల ఎర్ర దుమ్ముంటుందని ముందే అనుకున్నాను. బచేలీలో దుమ్ము చేరని వస్తువుండదు. కానీ కార్డు పీకి చూస్తే, బోర్డులో దిగే అంచున బంగారు రంగు పళ్ల వరుస మీద ఉన్నది దుమ్ము కాదు. వేలికి జిడ్డుగా అంటుకుంది. వాసన చూశాను. నూనెలో కలిపిన సిందూరం.

అప్పుడు గుర్తొచ్చింది, ఈ తంటా మొదలైంది గనిలో యంత్రాలకు చేసే విశ్వకర్మ పూజ తర్వాతే. ఆ పొద్దున నేను మానిటర్ అంచుకు కాస్త కుంకుమ పెట్టి క్లాసుకు వెళ్లిపోయాను. మామగారికి అది పూజలా అనిపించి ఉండదు. షావెల్‌కు పూజంటే కేబిన్ అద్దానికి బొట్టు పెట్టడం కాదు. రాయిని పట్టేవి దాని బకెట్‌కున్న ఇనుప పళ్లు కాబట్టి, పన్ను పన్నుకూ నూనె సిందూరం అద్దాలి. ఉద్యోగమున్నన్నాళ్లూ ఆయన చేసిందే అది. ఇక్కడా పెట్టె విప్పి, కార్డు తీసి, ఆ సన్నటి పళ్లన్నిటికీ భక్తిగా అద్ది, మళ్లీ ఎలా ఉన్నదో అలా బిగించేశారు.

కార్డు పట్టుకుని వరండాలోకి విసురుగానే వెళ్లాను. ఏంది మామయ్యా ఇది అని చెవి దగ్గర అరిచాను. ఆయన కార్డును చూశారు, నా ఎర్రటి వేలిని చూశారు.

"పళ్లే కదమ్మా పనిచేసేవి," అన్నారు.

నా కోపం అక్కడికక్కడే నీరుగారిపోయింది. తనకు చెల్లెలి గొంతు తెచ్చిపెట్టిన దానికి ఆయన తనకు తెలిసిన పెద్ద మర్యాద చేశారు. ఇద్దరం అరుగు మీద కూర్చున్నాం. ఆయన కార్డు పట్టుకున్నారు, నేను స్పిరిట్ ముంచిన దూదితో తుడిచి, పిల్లల రబ్బరుతో పళ్లు మెరిసేదాకా రుద్దాను. కార్డు మళ్లీ బిగించాక వచ్చిన ఆదివారం చెల్లెలు కనబడగానే కోపం తగ్గిందా అని అడిగింది. కోపమేటే, పూజ ఎక్కువైపోనాది అన్నారాయన. ఇద్దరూ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వుకున్నారు.

ఈ ఏడు విశ్వకర్మ పూజకు మామగారు సిందూరం పళ్లెంతో కంప్యూటర్ దగ్గరకొచ్చి, నావైపు చూస్తూ నిలబడ్డారు. నేను పెట్టె పక్క రేకు చూపించాను. బుద్ధిగా అక్కడే పెట్టారు. తర్వాత నా సొరుగు తీసి స్క్రూడ్రైవర్ వెతికి పట్టుకుని, దాని పిడికి కూడా బొట్టు పెట్టారు.

"అన్నేళ్లూ పళ్లకే ఎట్టాను, నడిపే చేతిని మర్చిపోనాను," అన్నారు.

ఆ స్క్రూడ్రైవర్‌తో తర్వాత చాలా పెట్టెలు విప్పాను. పిడి మీద సిందూరం చేతికి అంటుతూనే ఉంటుంది. స్పిరిట్ సీసా పక్కనే ఉన్నా నేను తుడవలేదు.