లోపలికి తెరుచుకునే తలుపు

నా చిన్నప్పుడు ఆలూరులో మా నాయన ఒక సినిమా హాలు లీజుకు తీసుకుని నడిపేవాడు. ఆయనను కన్న మా తాత చర్చి పెద్ద. సినిమా పాపమని తాత ఆదివారం చెప్పేవాడు, సినిమా డబ్బుతో వండిన అన్నం సోమవారం తినేవాడు. దీని మీద ఇంట్లో ఎవరూ చర్చ పెట్టుకునేవాళ్ళు కాదు. అన్నం చల్లారిపోతుంది కదా.

రేకుల కప్పు, మధ్యలో నడుమెత్తు గోడ, గోడకు ఒక పక్క మగవాళ్ళు, ఇంకో పక్క ఆడవాళ్ళు. అదీ హాలు. ఆడవాళ్ళ వైపు నుంచి సందులోకి ఒక తలుపు ఉండేది. ఆట నడుస్తున్నంత సేపూ ఆ తలుపుకు తాళం వేయకూడదని లైసెన్సులో ఉంది. వేయకపోతే సగం ఊరు టికెట్టు లేకుండా వస్తుందని మా నాయన అనుభవంలో ఉంది. అందుకని ఆట మొదలు కాగానే బయట గొలుసు చుట్టి తాళం బిగించేవాళ్ళు. నిప్పు ఆర్పడానికి గోడకు ఎర్ర బకెట్లు వేలాడేవి. ఇసుక బకెట్లలో జనం వక్కాకు ఉమ్మేవాళ్ళు. నీళ్ళ బకెట్లను ఎండాకాలంలో తాగేసేవాళ్ళు. మనుషులకే నీళ్ళు లేని ఊళ్ళో మంటలకు యాడ తెచ్చేదని మా నాయన అడిగేవాడు.

ఒకసారి లైసెన్సు గడువు పొడిగించడానికి ఆఫీసరు తనిఖీకి వచ్చాడు. ఆ పూటకు గొలుసు మా ఇంటి బియ్యం డబ్బాలోకి చేరింది, బకెట్లు నిండాయి. ఆఫీసరు అంతా చూసి, మా ఇంట్లో భోంచేసి, తృప్తిగా వెళ్ళాడు. సాయంత్రం అన్నాల దగ్గర మా నాయన ఈ సంగతి నవ్వుతూ చెప్పాడు. శుక్రవారం పెద్ద హీరో సినిమా వస్తోందనీ, జనాన్ని ఆపలేమనీ, గొలుసుకు ఇంకో తాళం కొనాలనీ కూడా చెప్పాడు. తాత ముద్ద కలుపుతూ అంతా విన్నాడు. చేయి కడుక్కున్నాక, "మీ అమ్మ ఇంతవరకు ఒక్క సినిమా కూడా చూడలేదప్పా. రేపు పొద్దున ఒకటి చూపియ్యి" అన్నాడు.

మా నాయన నములుతున్నది నమలడం ఆపేశాడు.

మర్నాడు తాత మా అవ్వతో పాటు చర్చి ఆడవాళ్ళనందరినీ వెంటబెట్టుకుని వచ్చాడు. పాపం సంగతి ఏమైందని అడగడానికి ఎవరికీ తీరిక లేదు, ముందు కూర్చోవడానికి చోటు దొరకాలి. "రోజూ ఎట్ల నడుపుతాండావో అట్లనే నడుపు" అని నాయనకు చెప్పి, ఆయనను అవ్వ పక్కన కూర్చోబెట్టి, తాత బయటే ఉండిపోయాడు. నేను అవ్వకు ఇటు పక్క కూర్చున్నాను. తలుపులు మూశారు, గొలుసు పడింది. తాళంచెవి తాత చేతిలో ఉందని మాకు తర్వాత తెలిసింది.

కథ మంచి పట్టులో ఉండగా తెర ఆరిపోయింది. ఆపరేటరుకు తాత ముందే చెప్పి పెట్టాడు. హాలంతా చీకటి. సందులో నుంచి తాత గొంతు వినిపించింది. "ఒరే, నిప్పు అంటుకునింది అనుకో. మీ అమ్మను బయటికి తోలుకోని రా."

తాత అనుకున్నది ఏమిటంటే, కొడుకు తలుపు దాకా వస్తాడు, తాను వేయించిన గొలుసు చప్పుడు తానే వింటాడు, సిగ్గుపడతాడు. అప్పుడు తాత తాళం తీస్తాడు, అందరూ ఇళ్ళకు పోతారు. చాలా మంచి పాఠం. కాని చీకట్లో నిప్పు అన్నాక, అనుకోమన్నాడు కదా అని నిదానంగా ఆలోచించేవాళ్ళు ఎవరు? హాలంతా ఒక్కసారిగా లేచి ఆ తలుపు మీద పడింది.

బయట తాత తాళం తీశాడు. గొలుసు జారిన చప్పుడు నేను విన్నాను. తలుపు మాత్రం రాలేదు. అది లోపలికి తెరుచుకునే తలుపు. లోపల మేమున్నాం. మేము ఎంత నెడితే అది అంత గట్టిగా మూసుకుంటుంది. ఆ సంగతి తాతకు తెలియదు, ఆయన ఎన్నడూ సినిమాకు వచ్చిన మనిషి కాడు. నా ముఖం తలుపు చెక్కకు నొక్కుకుపోయింది. నన్ను ఎంతో ముద్దుచేసే మేనత్తలే వెనక నుంచి నన్ను నలిపేస్తున్నారు. అరవాలన్నా ఊపిరి ఉండాలని అప్పుడు తెలిసింది. అవ్వ ఎట్లా దూర్చిందో గాని, నా తలకూ చెక్కకూ మధ్య తన చేయి పెట్టింది. వెనక్కి జరగమని నాయన గొంతు చించుకుంటున్నాడు. జరిగేవాళ్ళు లేరు.

అప్పుడు సందులో నుంచి తాత ఆదివారం గొంతు వినిపించింది. "మోకరించుదాం. ప్రార్థన చేసుకుందాం."

ఆ మాట వింటే మోకాళ్ళు వంచడం మావాళ్ళకు పుట్టినప్పటి నుంచి అలవాటు. ఆ మాట మెదడు దాకా పోనక్కర్లేదు. వెనకవాళ్ళు ముందు వంగారు, తర్వాత మధ్యవాళ్ళు. నాకు ఊపిరి అందింది. నాయన నన్నూ అవ్వనూ పక్కకు లాగాడు. తలుపు కొంచెం, ఇంకొంచెం తెరుచుకుని ఎండ లోపలికి వచ్చింది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి బయటికి నడిచారు. ఒకామె మాత్రం తాత ఆమెన్ చెప్పేదాకా లేవలేదు.

అవ్వ మణికట్టు విరిగింది. కట్టు కట్టించుకుని వచ్చాక తాత ఆమె మంచం పక్కన కూర్చున్నాడు. "తలుపు యా పక్కకు తెరుచుకుంటాదో చూడకుండా వానికి బుద్ధి చెప్పబోతి" అన్నాడు.

"సినిమా మాత్రం బాగుండాది. మిగిలింది ఎప్పుడు చూపిస్తారు?" అంది అవ్వ.

నాయన ఎవరితోనూ వాదించలేదు. శుక్రవారం లోపలే వడ్రంగిని పిలిపించి తలుపు బయటికి తెరుచుకునేటట్టు బిగించాడు. గొలుసు మా బర్రెను కట్టేయడానికి పోయింది. గొలుసు బదులు ఆ తలుపు దగ్గర అవ్వ స్టూలు వేసుకుని, కట్టుతోనే కూర్చుంది. చర్చి పెద్ద భార్యను దాటుకుని టికెట్టు లేకుండా దూరే ధైర్యం ఊళ్ళో ఎవరికీ లేకపోయింది. అట్లా మా హాలుకు వచ్చిన ప్రతి సినిమా ఆమె చూసింది. తాత అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆ చేయి మాత్రం మళ్ళీ సరిగా తిరగలేదు. నాకు జడ వేసే పని అమ్మకు పోయింది.

మొన్న మనవరాలు నన్ను కర్నూలులో కొత్త హాలుకు తీసుకుపోయింది. మెత్తటి కుర్చీలు, చలి. బయటికి దారి అని వెలుగుతున్న బోర్డు కింద, తలుపుకు అడ్డంగా అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. మేనేజరును పిలిపించాను. చాలా మర్యాదస్తుడు. తనిఖీ ఉన్నప్పుడు తీసేస్తామమ్మా అన్నాడు. మా నాయన మళ్ళీ మాట్లాడినట్టే ఉంది.

"మీ అమ్మ సినిమాలు చూస్తాదా నాయనా?" అని అడిగాను.

"శానా ఇష్టమమ్మా."

"యాడ కూర్చోబెడతావు?"

అతను నవ్వబోయి, పెట్టెల వైపు చూసి, ఆగాడు. ఆ పూటకైతే తీయించాడు. మర్నాటి సంగతి నాకు తెలియదు, ఆ తెలియకపోవడమే ఇప్పటికీ నన్ను తొలిచేస్తోంది. మనవరాలు నన్ను ఎరగనట్టు ఫోనులో తల పెట్టుకుంది. నేను ఆ తలుపును ఒకసారి తోసి చూసి, దాని పక్క కుర్చీలోనే కూర్చున్నాను.

ఇంటికి వచ్చాక సినిమా కథేమిటని కోడలు అడిగింది. నాకు గుర్తు రాలేదు. తలుపు బయటికే తెరుచుకుంటుందని చెప్పాను.