కోస్గి చెరువులో సముద్రపు పరీక్ష

ముందే చెప్పేస్తున్నాను: నా మాటల్లో కొంత గాలి కొట్టి ఉంటుంది. గాలి లేని సైకిలు ఎంత దూరం పోతుంది చెప్పండి!

తెలంగాణ వచ్చిన మూడో ఏడు. అప్పటికి ఇరవై ఏళ్లుగా నా పని సీగ్రాస్ మీద పరిశోధన. అంటే సముద్రం అడుగున వేళ్లూని, ఉప్పునీళ్లలోనే పూలు పూసే గడ్డి. పాలమూరులో పుట్టి, పదేళ్లు వచ్చేదాకా మోకాలి లోతు నీళ్లు చూడనివాణ్ని, సగం జీవితం నీళ్లకిందే గడిపాను. తల తుడుచుకుంటే చేపపిల్లలు రాలిపడేవని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

చివరకు మళ్లీ పాలమూరుకే, అంటే మహబూబ్‌నగర్‌కే, వచ్చి తెలుగులో ఆన్‌లైన్ కోర్సు మొదలుపెట్టాను. ఎవరైనా చేరొచ్చు, ఫీజు లేదు. చప్పుడు రికార్డు కాకూడదని కిరాయి గదిలో ఫ్యాను ఆపి పాఠం చెబితే, నా చెమటతోనే ఇంకో సముద్రం తయారయ్యేది. ఆ గది ఇప్పుడు మొబైల్ దుకాణం. అటు పోయినప్పుడల్లా కాళ్లు వాటంతటవే ఆగుతాయి.

చివరి అసైన్‌మెంట్ ఇది: "మీకు దగ్గరలోని సముద్రతీరానికి వెళ్లి, క్వాడ్రాట్ వేసి గడ్డి లెక్కించండి." క్వాడ్రాట్ అంటే చదరపు చట్రం. గడ్డి మీద పరిచి లోపల ఎంత ఉందో చూస్తాం. మార్కులు తోటి విద్యార్థులే వేస్తారు. దాన్ని పీర్ గ్రేడింగ్ అంటారు.

ఒకనాడు పొద్దున కోస్గి నుంచి బస్సెక్కి ఒకామె ఆ గదికి వచ్చింది. పేరు బాలమణి, టైలరు, నా కోర్సు విద్యార్థిని. చేతిలో నాలుగు కర్రలు కట్టిన చట్రం, దానికి కుట్టుపని టేపు.

"సారూ, మీది పాలమూరేనంట గదా?"

"అవునమ్మా."

"మరి మనకు దగ్గర సముద్రం ఏడున్నదో జర చెప్పుండ్రి."

నా నోరు బస్సు పట్టేంత తెరుచుకుంది. ఒడ్డున బతికి బతికి, సొంత జిల్లాకు సముద్రం లేదన్న సంగతే మరిచాను.

ఆమె ఊరి చెరువులో గడ్డి లెక్కించింది. దిద్దిన ముగ్గురూ "సముద్రం ఏది?" అని రాసి సున్నా పెట్టారు.

"ఇంటర్ కాడ చదువాగింది సారూ. ఇది పాసైతే డిగ్రీ కడతనంటే మా అత్త సరేనన్నది. ఫెయిలైతే ఫోన్ పక్కన వెట్టి మిషన్ మీద కూసోమన్నది."

"ఇంతకీ ఏం కనిపెట్టావమ్మా?"

"బర్రెలు దిగే కాడ గడ్డి లేదు. పదడుగులు అవతలికి పోతే చట్రం నిండ ఉన్నది. తొక్కుడే దాని రోగం. ముప్పై బర్రెలు సారూ! ఒకటైతే నా చట్రం మీద నిలవడి కదలనంటది."

పడవల లంగర్లు పడేచోట సీగ్రాస్ ఊడిపోతుందని తేల్చడానికి నాకు రెండు పడవలు, మూడేళ్లు పట్టాయి. ఆమెకు ముప్పై బర్రెలు సరిపోయాయి. అక్కడికక్కడే ప్రశ్నలో 'సముద్రతీరం' కొట్టేసి 'నీళ్లు' అని రాసి, మళ్లీ దిద్దించాను. పాసైంది. డిగ్రీలో చేరింది.

ఇక కల్పించిందేదో ఒప్పుకోవాలి. బర్రెలు ముప్పైయే. 'అక్కడికక్కడే' అన్నదే అబద్ధం. నిజానికి నేనన్నది, "రూలు రూలేనమ్మా, నా చేతుల్లో లేదు." ఆమె చట్రాన్ని గోడకానించి, "ఇగ నాకెందుకు సారూ, మీరే ఉంచుకోండ్రి" అని బస్సుకు పోయింది. ఎనిమిది రోజులు ఆ చట్రం నన్నే చూసింది. తొమ్మిదో రోజు ప్రశ్న మార్చి ఫోన్ చేశాను.

"గిది ఆనాడే చేస్తే చాయ్ తాగి పోదును గద సారూ!" అంది.

అప్పటినుంచి ఏ ప్రశ్న రాసినా, కోస్గి చెరువుగట్టున నిలబడ్డట్టు ఊహించుకుని ఒకసారి చదువుకుంటాను. గది పోయినా, చట్రం ఇంకా మా ఇంటి గోడకే ఉంది. ఈ కథలో నేను గాలికొట్టి పెంచింది నా మంచితనం ఒక్కటే.