శ్యామల వస్తోందండీ

అరబ్బు దేశంలో, రుమైథియాలో నేను వంట చేసే ఇంట్లో కోనసీమ డ్రైవరొకాయన ఉండేవాడు. కారు తుడుస్తూ తుడుస్తూ ఆగి, ముక్కు పైకెత్తి గాలి వాసన చూసేవాడు. నేను చేరిన మొదటి చలికాలం అలాగే చూసి, వంటింటి కిటికీలోంచి కేకేశాడు: "ఆయ్! రేపు శ్యామలొచ్చేత్తందండి అక్కా! మామూలుగా ఉండదండి!"

మేం 'మామా' అని పిలిచే యజమానురాలు నా బదులు ఇంకో మనిషిని తెప్పిస్తోందనుకున్నాను. సంచి సర్దేసి, వాకిట్లోకి వెళ్లి నిలదీశాను.

"ఎవురప్పా ఆ శ్యామల? నా వంటకేమైంది?"

ఆయన కారు పట్టుకుని మరీ నవ్వాడు. "మనిషి కాదండి బాబూ, గాలండి! ఉత్తరపు గాలిని అరబ్బులు షమాల్ అంటారండి. మనకి శ్యామలేనండి!"

మర్నాడు వచ్చింది మహాతల్లి. డాబా మీద ఆరేసినవన్నీ లేపుకుపోయింది. ఇద్దరం దుప్పట్ల వెంట పరుగెత్తాం. పళ్లు టకటకలాడుతున్నా నవ్వు ఆగలేదు.

తర్వాత ఆయన పని ఖలాస్ చేసుకుని ఊరెళ్లిపోయాడు. ఈ వారం ఫోన్‌లో వార్త కూడబలుక్కుని చదివాను: పెనుగాలులు, ఉత్తర ధ్రువం వైపు నుంచి చలి. పట్టలేక అరిచాను, "శ్యామల వస్తాంది!"

కొత్తగా చేరిన పనామె చేతిలో చీపురు ఆగిపోయింది.

"నా బదులా అక్కా?"