నాలుగు ఆఫీసులు, ఒక మిర్చి లారీ

కోటయ్య ఫోన్ చేసింది ఏప్రిల్‌లో, ఒక మంగళవారం పొద్దున తొమ్మిదింటికి. మా వీధి చివర ఎస్టీడీ బూత్ ఆయన కేకేస్తే పరుగెత్తాను.

"అన్నా, బంగ్లా సరిహద్దు దగ్గర ఆగి పది రోజులైంది. ముందుకీ పోనీరు, వెనక్కీ పోనీరు. నువ్వన్నా రా, లేకపోతే లారీ ఇక్కడే వదిలేసి వచ్చేస్తా."

కోటయ్యది అద్దంకి దగ్గర పల్లె. సొంత లారీ, తనే డ్రైవరు. ఆ లారీలో ఉన్నది మా సరుకు. సత్తెనపల్లి చుట్టుపక్కల పద్నాలుగు మంది మిర్చి రైతులం కలిసి సంఘం పెట్టుకున్నాం. ఎప్పుడూ గుంటూరు యార్డుకు తోలేవాళ్లం, మొదటిసారి ఢాకా వ్యాపారికి నేరుగా అమ్మాం. సంఘానికి నన్ను సెక్రటరీని చేశారు. ఇంగ్లీషులో అర్జీ రాయగలను, అంతకు మించి నాకున్న అర్హత ఏమీ లేదు. నా పేరు మస్తాన్‌వలి, మూడెకరాల రైతును.

ఆ మధ్యాహ్నమే అందరం కూర్చున్నాం. ఎవరూ కోప్పడలేదు. పెద్దాయన చెంచయ్య గారు మాత్రం తలపాగా తీసి ఒళ్లో పెట్టుకుని, "మస్తానూ, నీ మాట మీదే ఇచ్చాం కదరా" అన్నాడు. తిట్టినా బాగుండేది. రేపే బయల్దేరతానని చెప్పాను.

బుధవారం పొద్దున ఏడున్నర బస్సుకు గుంటూరు, అక్కణ్నించి ప్యాసింజరులో విజయవాడ చేరేసరికి పదకొండు దాటింది. హౌరా ఎక్స్‌ప్రెస్ మూడున్నరకు. రిజర్వేషన్ లేదు. టీసీని బతిమాలి, తేడా కట్టి, తునిలో ఒక బెర్తు సంపాదించాను. సంచిలో రెండు జతల బట్టలు, కాగితాల ఫైలు, మా ఆవిడ కట్టిచ్చిన గోంగూర పచ్చడి సీసా. ఈ దారిన వెళ్లేవాళ్లకు ఒక మాట: పచ్చడి ఏదైనా తీసుకెళ్లండి. ఒరిస్సా దాటాక మన నాలుకకు అదే దిక్కు.

ఎదుటి బెర్తులో ఒక రిటైరైన రైల్వే గుమాస్తా, విశాఖపట్నం ఆయన, కలకత్తాలో కూతురి దగ్గరికి వెళుతున్నాడు. నా పేరు విని ధైర్యం చెప్పాడు.

"మీకేం ఫర్వాలేదండి. ఉర్దూలో మాట్లాడితే అక్కడ పని అయిపోతుంది."

"మా ఇంట్లో తెలుగేనండి. నమాజు అరబ్బీలో, మిగతాదంతా తెలుగులో."

"మరి హిందీ?"

"సినిమాల్లో విన్నంత."

ఆయన పకపకా నవ్వి, నిద్ర వచ్చేదాకా నాకు పది బెంగాలీ మాటలు నేర్పాడు. అందులో ఒకటి "కొతొ దిన్", అంటే ఎన్ని రోజులు అని. "సరిహద్దులో అందరూ అడిగేది అదే మాటండి" అన్నాడు.

గురువారం మధ్యాహ్నం ఒంటిగంటకు హౌరా. స్టేషన్ బయట బస్సెక్కి సియాల్దా. అక్కడ లోకల్ రైలు రెండున్నరకు. రెండు గంటల ప్రయాణంలో కూర్చోవడానికి సీటు దొరికింది గంట తర్వాత. దిగాక, వెనక చెక్కబల్ల బిగించిన రిక్షా మీద కాళ్లు వేలాడేసుకుని అరగంట. ఆ సరిహద్దు ఊరి పేరు ఇక్కడ రాయను. నేను చూసినప్పటికి అక్కడ అందరూ ఇబ్బందిలోనే ఉన్నారు, ఒకరిని వేలెత్తి చూపినట్టు ఉండకూడదు.

ఊరు ఇంకా రెండు కిలోమీటర్లు ఉండగానే లారీలు మొదలయ్యాయి. రోడ్డుకు ఎడమవైపు ఒకదాని వెనక ఒకటి. చక్రాల కింద గడ్డి మొలిచింది. లారీల మధ్య తాళ్లు కట్టి బట్టలు ఆరేసుకున్నారు. ఒక చోట క్షౌరం జరుగుతోంది. చాలాసేపు చూశాక మన ఏపీ నంబరు కనబడింది. కోటయ్య స్టవ్ మీద పప్పు ఉడకేస్తున్నాడు. గడ్డం పెరిగి, కళ్లు లోపలికి పోయి ఉన్నాడు. నన్ను చూసి గరిటె కింద పడేసి లేచాడు.

"వచ్చావా అన్నా! నిజంగా వస్తావనుకోలా."

"రమ్మని నువ్వే కదయ్యా ఫోన్ చేసింది?"

"చేశాలే. అందరూ చేస్తారు. వచ్చినోడు నువ్వొక్కడివే."

ఆ పూట పప్పూ గోంగూరా తిన్నాం. పడక నాకు క్యాబిన్‌లో, తనకు లారీ కింద. పడుకోబోతూ కోటయ్య ఆకాశం వైపు చూపించాడు. వాయవ్యాన నల్లగా మబ్బు. "రోజూ సాయంత్రం ఇట్టా కమ్ముతోందన్నా. ఒక్క వాన గట్టిగా పడి బస్తాల్లోకి తడి పోయిందంటే బూజే."

శుక్రవారం నేను అర్జీ రాయలేదు. కాగితాల వెంట నడిచాను. చేతి గడియారం చూసుకుంటూ పాత క్యాలెండరు షీటు వెనక అంతా రాసుకున్నాను. పొద్దున తొమ్మిదింటికి తూకం. ఆ చీటీ ఆ ఒక్కరోజుకే చెల్లుతుంది. తర్వాత పురుగూ బూజూ ఉందేమో చూడటానికి మొక్కల తనిఖీ ఆఫీసు వాళ్లు రావాలి. వాళ్లు వచ్చింది మూడింటికి. ఐదు బస్తాల సీలు తెంచి చూసి, బాగుందని సంతకం పెట్టారు. సీలు తెగిన బస్తాలకు కస్టమ్స్ వాళ్లు మళ్లీ సీలు వేయాలి. వాళ్లు సీలు వేసేది పొద్దున పూటే. సీలు లేని బస్తా ఉంటే గేటు దగ్గర సాయుధ దళం వాళ్లు కదలనివ్వరు. మర్నాడు సీలు వేయించుకునేసరికి నిన్నటి తూకం చీటీ చెల్లదు. మళ్లీ తూకం, మళ్లీ తనిఖీ, మళ్లీ సీలు తెంచడం. మా లారీ అలా నాలుగుసార్లు తిరిగింది. తెంచిన ప్రతిసారీ కాయలు విరిగి, గింజ రాలుతోంది.

నాకు ఆశ్చర్యం వేసింది ఒక్కదానికే. రోజంతా తిరిగితే లంచం అడిగినవాడు గానీ, పని ఎగ్గొట్టినవాడు గానీ నాకు తగల్లేదు. ఎవరి గదిలో వాళ్లు వంచిన తల ఎత్తకుండా చేస్తున్నారు.

శనివారం పదింటికి కస్టమ్స్ సూపరింటెండెంట్ గది ముందు వరుసలో నిలబడ్డాను. కొత్తగా బదిలీ మీద వచ్చిన ఘోష్ మేడం, నలభై ఐదేళ్లుంటాయి. నా వంతు వచ్చేసరికి పదకొండున్నర. నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పి, క్యాలెండరు షీటు బల్ల మీద పరిచాను.

"ఇది ఎవరి మీద ఫిర్యాదు?" అని అడిగింది.

"ఎవరి మీదా కాదు మేడం. అందరూ తమ పని సరిగ్గానే చేశారు. నేను వెంట ఉండి చూశాను. ఒకరి పని అయ్యేసరికి ఇంకొకరి వేళ దాటిపోతోంది, అంతే."

ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా చదివింది. మళ్లీ చదివింది. "నేనొచ్చి మూడు వారాలైంది. నా బల్ల మీదికి వచ్చిన కాగితమే చూస్తున్నాను. లారీ వెనక నడిచిన మనిషి ఇక్కడ ఒక్కరూ లేరు" అంది. నన్ను ఉండమని, ప్యూనును రెండు ఆఫీసులకు పంపింది.

మూడింటికి మొక్కల తనిఖీ ఆఫీసరూ, గేటు దగ్గరి దళం ఇన్‌స్పెక్టరూ వచ్చారు. మొదట గొడవే. "నా దగ్గర ఉన్నది ఇద్దరు. పొద్దున రైల్వే యార్డు, మధ్యాహ్నం ఇక్కడ. ఎలా చావమంటారు?" అని తనిఖీ ఆయన గొంతు పెంచాడు. "సీలు లేని బస్తా వదిలితే రేపు సమాధానం చెప్పేది నేను" అని ఇన్‌స్పెక్టరు. మేడం ఇద్దరినీ చివరిదాకా మాట్లాడనిచ్చి, షీటు వాళ్ల ముందుకు తోసింది. తనిఖీ ఆయన వేలు పెట్టి చదివి, "అంటే నేను పొద్దున ఇక్కడికి వచ్చి, రైల్వే యార్డుకు మధ్యాహ్నం వెళితే?" అన్నాడు. ఇన్నాళ్లూ ఆ మాట ఆయన్ని ఎవరూ అడగలేదట.

ఒక్క లారీతో, ఒక్కరోజు చూద్దామని ఒప్పుకున్నారు. ఆదివారం సెలవు కాబట్టి సోమవారం.

ఆదివారం సాయంత్రం ఐదింటికి గాలివాన విరుచుకుపడింది. మా టార్పాలిన్ ఒక మూల చిరిగి ఎగిరింది. కోటయ్య బస్తాల మీద బోర్లా పడుకుని పట్టుకున్నాడు. నేను కింద తాడు లాగుతున్నాను, చేతులు జారిపోతున్నాయి. వెనక లారీ బీహారు డ్రైవరు, నాకు ఒక్క ముక్క అర్థంకాని భాషలో అరుస్తూ, తన దగ్గరున్న పాత పట్టా తెచ్చి మాతోపాటు పైకెక్కాడు. ముప్పావుగంట. వాన వెలిశాక బస్తాల మధ్య చెయ్యి దూర్చి చూశాను. పొడిగానే ఉంది. కోటయ్య పైనే కూర్చుని మొహం తుడుచుకున్నాడు. అది వాన నీళ్లో కాదో నేను అడగలేదు.

సోమవారం ఎనిమిదింటికి తూకం. ఎనిమిదీ నలభైకి ముగ్గురు ఆఫీసర్లూ లారీ దగ్గరే నిలబడ్డారు. తనిఖీ ఆయన మొదటి బస్తా మూతి విప్పి చెయ్యి పెట్టగానే ఘాటు గుప్పుమంది. ఆయన తుమ్మాడు, ఇన్‌స్పెక్టరు తుమ్మాడు, మేడం చీర చెంగు ముక్కుకు పెట్టుకుని వరసగా నాలుగు తుమ్మింది. "ఏందన్నా వీళ్లు, మన సన్నం రకం కాయకే ఇట్టా అయితే!" అని కోటయ్య నా చెవిలో అన్నాడు. ఏమన్నాడని మేడం అడిగితే చెప్పాను. అందరూ నవ్వారు. తెంచిన సీలు అక్కడికక్కడే వేశారు. ఒకే కాగితం మీద మూడు సంతకాలు పడ్డాయి. మా వెనకున్న బీహారు లారీకి, దాని వెనక బియ్యం లారీకి కూడా అదే వేడి మీద చేసేశారు.

పదింటికి గేటు. అక్కడ ఆగిపోయాం. ఏ రోజు ఏ లారీలు వస్తాయో ముందురోజే అవతలి దేశానికి జాబితా వెళ్లాలట. అందులో మా నంబర్లు లేవు. కోటయ్య స్టీరింగు మీద తల పెట్టేశాడు. నేను ఇన్‌స్పెక్టరు దగ్గరికి పరుగెత్తాను.

ఇన్‌స్పెక్టరు వెళ్లి మేడంకు చెప్పాడు. ఆవిడ గొడుగు వేసుకుని తనే గేటు దాకా నడిచి వచ్చింది. అవతలి కస్టమ్స్ ఆఫీసరు రహమాన్ అనే ఆయన తన గేటు దగ్గరికి వచ్చాడు. మధ్యలో ముప్పై అడుగులుండవు. ఇద్దరూ గీత దగ్గర నిలబడి బెంగాలీలో మాట్లాడుకున్నారు. గీతకు అటూ ఇటూ భాష ఒకటే. ఇన్‌స్పెక్టరు నాకు హిందీలో చెప్పిన దాన్నిబట్టి రహమాన్ గారన్నది ఇదీ: "మూడు వారాలుగా మీరు జీపు దిగడం చూస్తూనే ఉన్నాను. పలకరించొచ్చో లేదో తెలియలేదు." మూడు నంబర్లూ చేత్తో రాసి తీసుకున్నాడు. ఇకనుంచి పదకొండింటికి రెండో జాబితా పంపితే తీసుకుంటానన్నాడు.

పదకొండూ ఇరవైకి కోటయ్య లారీ గీత దాటింది. నాకు పాస్‌పోర్టు లేదు, ఇవతలే నిలబడిపోయాను. వెనక టార్పాలిన్ చిరుగు కనబడుతూ కనబడుతూ మలుపు తిరిగింది.

సాయంత్రం నాలుగున్నరకు సరుకు దించి ఖాళీ లారీతో తిరిగొచ్చాడు. "కాయ బాగుందన్నారన్నా. వానకి తడవకుండా ఎట్టా తెచ్చావని అడిగారు." మొహం నిండా నవ్వు. ఎస్టీడీ బూత్‌కు వెళ్లి సత్తెనపల్లికి చెప్పాను. తర్వాత అక్కడే ఒక పూటకూళ్ల ఇంట్లో ఆవనూనె చేపల పులుసుతో ఇద్దరం కడుపునిండా తిన్నాం.

మంగళవారం పొద్దున బయల్దేరే ముందు చూస్తే కస్టమ్స్ గోడకు ఒక కాగితం అంటించి ఉంది. వచ్చే వారంనుంచి రోజూ ఎనిమిదినుంచి పదిదాకా మూడు ఆఫీసులవాళ్లూ లారీల యార్డులోనే కలిసి తనిఖీ చేస్తారని. మేడంకు నమస్కారం చెప్పడానికి వెళ్లాను. "ఇది నిలబడుతుందో లేదో నాకు తెలియదు. నన్ను మళ్లీ బదిలీ చేయొచ్చు. నిలబడేలా చూస్తాను" అంది. అంత నిజం చెప్పిన ఆఫీసరు మాటను నమ్మాలనిపించింది.

నేను రైలెక్కకుండా లారీలోనే వచ్చాను. హౌరాలో గోనెసంచుల లోడు దొరికింది, గుంటూరుకే. మూడు రోజుల దారి. బాలాసోరు దాటాక జీడితోటలు, భువనేశ్వరం దగ్గర ఎండ, చిలికా సరస్సు పక్కన చల్లగాలి. రైల్లో వెళ్లినప్పుడు ఇవేవీ చూడలేదు, కాగితాలు చూసుకుంటూ కూర్చున్నాను. వెళ్లేటప్పుడు నా మనసులో ఉన్న సరిహద్దుకు ఒక ఇనుప తలుపు, దాని వెనక కనబడని పెద్దవాళ్లు. అక్కడ నాకు కనిపించింది అడ్డంగా కట్టిన రెండు వెదురు కర్రలు, కొంతమంది అలసిపోయిన మనుషులు. ఒకరి కష్టం ఒకరికి తెలియదు. తెలియగానే సర్దుకున్నారు.

గురువారం సాయంత్రం ఇచ్ఛాపురం దాటాక టీకి ఆగాం. హోటల్ ముందు రెండు లారీలు ఉత్తరం వైపు తిరిగి ఉన్నాయి. నరసరావుపేట వాళ్లు, మిర్చి లోడు, బంగ్లా సరిహద్దుకే. మా లారీ నంబరు చూసి పలకరించారు.

"ఏరా, అక్కణ్నించేనా? ఎన్ని రోజులు పట్టింది?"

కోటయ్య టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "మాకు పదిహేడు రోజులు. మీకు అంత పట్టదులేరా. చెప్తా విను. ముందు ఎనిమిదింటికల్లా యార్డులో ఉండాలి. తూకం అయ్యాక బండి కదిలించమాక, ముగ్గురూ నీ దగ్గరికే వస్తారు..."

వాళ్లలో పెద్దవాడు సిగరెట్ పెట్టె చించి, ఎక్కడెక్కడ ఎన్నింటికి ఉండాలో రాసుకున్నాడు. టీ తాగి, ఆ రాత్రికి అక్కడే పడుకుందామనుకున్నవాళ్లు, వెలుగుండగానే లారీలు స్టార్ట్ చేశారు.