ఆకాశం రాయి మీద నిమ్మరసం

మా మేనత్త వేంపల్లెలో మేకలు పెంచుకుంటూ ఒంటరిగా ఉంటుంది. నేను ప్రొద్దుటూరులో ఒక కాలేజీలో భూగర్భశాస్త్రం చెబుతాను. పోయిన వేసవిలో ఆమె ఫోన్ చేసి, "అమ్మీ, నువ్వు బిన్నె రా. నేను శానా చిక్కులో పడినా" అంది.

వెళ్లేసరికి గేటు ముందు గుంపు. మధ్యలో పొట్టేలు తలంత నల్లరాయి, ఒళ్లంతా శనగగింజలంత తెల్లటి గుండ్రటి మచ్చలు. అప్పటికే పసుపు, కుంకుమ పడ్డాయి.

అత్త నన్ను వంటింట్లోకి లాక్కెళ్లింది. "అది మన చేన్లో దొరికిన రాయే. ఆటోలోళ్లు గేటుకు అడ్డం పెడతాంటే మేకలు బయటికి పోలేకపోతాండాయి. దాన్ని గేటు కాడ పెట్టి, ఆకాశం నుంచి పడిందంటే భయపడి జరుగుతారనుకుంటి. ఇప్పుడు దాన్ని చూడ్డానికే ఆటోలెక్కి వస్తాండారు! మామూలు రాయని నువ్వే చెప్పు."

నవ్వు ఆపుకుని బయటికొచ్చాను. ఒకప్పుడు ఈ నేల మీద కరిగిన రాయి పారిందని, లోపలి గాలి బుడగలు బయటపడేలోపే అది గడ్డకట్టిందని, అలా మిగిలిన గుల్లల్లోకి నీళ్లు దిగి తెల్లటి ఖనిజాన్ని నింపాయని చెప్పాను. అందరూ బుద్ధిగా విన్నారు.

ఒక ఆటో డ్రైవర్ అడిగాడు: "అయితే ఆకాశం నుంచి పడే రాళ్లల్లో ఇట్లా గుండ్రంగా ఏమీ ఉండవా మేడమ్?"

అబద్ధం ఆడలేకపోయాను. "శానా వాటిల్లో ఉంటాయి. కానీ అవి గుల్లలు నిండినవి కాదప్పా. అంతరిక్షంలో కరిగిన చుక్కలే చల్లారి పూసలైతాయి."

"చూస్తిరా! ఉంటాయంట!" అని గుంపంతా ఒక్కసారి కదిలింది. మిగతా మాట ఎవరి చెవికీ ఎక్కలేదు.

ఇక రుజువు చూపిద్దామని నిమ్మకాయ తెప్పించాను. తెల్లటి మచ్చ నీళ్లు నింపిన సున్నపు ఖనిజమైతే పులుపుకు పొంగుతుంది; ఆకాశం రాళ్లలోని పూసలు పొంగవు. పిండగానే సన్నగా బుస్సుమంటూ నురగ వచ్చింది.

"రాయి ఊపిరి తీస్తాంది!" అని ఒక ముసలామె చేతులు జోడించింది. సాయంత్రానికి వీధిలో నిమ్మకాయలు దొరకలేదు.

అత్త నన్ను కొరకొరా చూసింది. "నీ సదువు సల్లగుండ! ఉన్నది చాలదని ఊపిరి గూడా పోస్తివి."

ఆ రాత్రి అన్నం తింటూ ఇద్దరం ఆలోచించాం. పొద్దున్నే ఆటోవాళ్లను పిలిచి, "ఇంత గొప్ప రాయి మేకల కాడ ఉండకూడదు, మీ స్టాండులో పెట్టుకోండప్పా" అంది అత్త. వాళ్లు మురిసిపోయి, కొబ్బరికాయ కొట్టి, వీధి చివరికి మోసుకుపోయారు. వెనకే ఆటోలన్నీ కదిలాయి.

గేటు తెరుచుకుంది. మేకలు నన్ను తోసుకుంటూ బయటికి పరిగెత్తాయి.