బాపు రాసిన ఆత్మవిమర్శ

మా బాపును కమ్యూనిస్టు పార్టీలోంచి తీసేసింది మా ఊరు ఎల్లారెడ్డిలో ఆయన చేసిన పనికి కాదు, చెకొస్లొవేకియాలో రష్యా వాళ్ళు చేసిన పనికి. అప్పటికి ఆయన నిజామాబాద్ దాటి ఎరగడు.

సంగతి చిన్నదే. ఆ దేశంలోకి సోవియట్ ట్యాంకులు పోయిన కొత్తలో కామారెడ్డిలో పార్టీ క్లాసు పెట్టారు. హైదరాబాద్ నుంచి వచ్చిన నాయకుడు అది దండయాత్ర కాదని, సోదర సహాయమని రెండు గంటలు చెప్పి, సందేహాలుంటే అడగమన్నాడు. అలా అనడం మర్యాద కోసమేనని బాపుకు తెలియదు. బీడీ కార్ఖానాలో ప్యాకింగ్ పనిచేసే మనిషి. లేచి నిలబడి, అక్కడి కార్మికులను అడిగి పోయిండ్రా, అడగకనే పోయిండ్రా అన్నాడు.

ఆత్మవిమర్శ రాసిమ్మన్నారు. పార్టీలో అదొక ఆచారం. తప్పు చేసినవాడు తన తప్పును తానే కాగితం మీద పెట్టి కమిటీకి ఇవ్వాలి. బాపు ఇవ్వనన్నాడు. నెల తిరిగేసరికి ఆయన పార్టీలో లేడు. ట్యాంకులు మాత్రం అక్కడే ఉన్నాయి.

తర్వాత ఆయన ఇంకే పార్టీలోనూ చేరలేదు. రోజూ పార్టీ పేపరు తెప్పించుకుని, మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివి, దానితో విభేదించేవాడు. మా ఇంట్లో దేవుడూ లేడు, పార్టీ కూడా లేదు. ఇల్లు నడిచింది అవ్వ చుట్టిన బీడీల మీద; అమ్మను మేం అవ్వ అనేవాళ్ళం. రష్యా కూలిపోయిన రోజుల్లో బాపు సంతోషిస్తాడనుకున్నాను. రెండు పూటలు అన్నం ముట్టలేదు. అడిగితే కడుపులో బాగాలేదన్నాడు.

పోయిన చలికాలం ఆయనకు ఊపిరి అందడం కష్టమైంది. కామారెడ్డిలో డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూసి, ఇక ఇంటి దగ్గరే ఉంచుకోండి సార్ అన్నాడు. డాక్టర్లు అంత మర్యాదగా ఎప్పుడు మాట్లాడతారో అందరికీ తెలుసు. ఎల్లారెడ్డికి తిరిగొచ్చే బస్సులో బాపు కిటికీలోంచి చూస్తూ అన్నాడు.

"పోతే పార్టీ సభ్యునిగ పోత. ఒకపారి ఆఫీసుల అడుగు."

నేను కామారెడ్డి కాలేజీలో చరిత్ర చెబుతాను. చెప్పడం వేరు, ఒకరి తరఫున వెళ్ళి దాన్ని సవరించమని అడగడం వేరు. అయినా కామారెడ్డి పార్టీ ఆఫీసుకు వెళ్ళాను. ఇప్పటికీ ఆఫీసు చూసుకునే పెద్దాయన బాపుకు పాత దోస్తు, ఎనభై దాటాయి, నేను కాకా అని పిలుస్తాను. ఆ క్లాసులో బాపు పక్కనే కూర్చున్నాడట.

అంతా విని, ట్యాంకుల విషయం పార్టీ ఎప్పుడో పునఃపరిశీలించిందని, ఈ రోజు పార్టీ అభిప్రాయం మీ బాపు అభిప్రాయమేనని చెప్పాడు. అయితే తీసేసింది రద్దు చేయొచ్చు కదా అన్నాను.

"అభిప్రాయం సరే తమ్మీ. పార్టీ అనక ముందుగాలనే అన్నడు గద. అది క్రమశిక్షణ తప్పుడే. ఒక కాగితం రాసియ్యమను, అయిపోతది."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

బాపు మండిపడతాడనుకున్నాను. పార్టీ తనను ఇన్నేళ్ళకు ఒకటి అడిగినందుకు ఆయన మొహం వెలిగింది. పని తేలిక చేద్దామని నేనే నాలుగు వాక్యాలు రాసి చూపించాను. ఇది సెలవు చీటి లెక్క ఉన్నది అని వెనక్కి ఇచ్చాడు. మూడు రోజులు పొద్దుటిపూట ఎండలో కుర్చీ వేయించుకుని, రెండు ముక్కలు రాసి నాలుగుసార్లు దగ్గుతూ, గీతల కాగితాల మీద రెండు పేజీలు నింపాడు.

మొదటి పేజీ వాళ్ళు అడిగినట్టే ఉంది. నలుగురిలో లేచి అడగకుండా కమిటీలో అడగాల్సింది, ఒప్పుకుంటున్నాను అని. రెండో పేజీ ఎవరూ అడగనిది.

చైనాతో యుద్ధం వచ్చిన ఏడాది, పార్టీ ఇంకా రెండు ముక్కలు కాకముందు, ఎల్లారెడ్డిలో అద్దె సైకిళ్ళ దుకాణం నడిపే ఒకాయన ఉండేవాడు. బాపును పార్టీలోకి తెచ్చింది ఆయనే, పేపరు చదవడం నేర్పింది ఆయనే. రెండు దిక్కులా సిపాయిలు పేదల బిడ్డలే అయితే ఒకరినొకరు ఎందుకు కాల్చుకుంటున్నారని సమావేశంలో అన్నాడు. బాపుకు ఇరవై రెండేళ్ళు. లేచి, ఈయన చైనా ఏజెంటు అన్నాడు. ఆ మాట పైనుంచి వచ్చిన సర్క్యులర్‌లో ఉంది. తీసేయాలన్న తీర్మానానికి అందరితోపాటు చెయ్యెత్తాడు. వారంలో పోలీసులు వచ్చి ఆయనను పట్టుకుపోయారు. నెలల తర్వాత జైలు నుంచి వచ్చేసరికి దుకాణం లేదు. పిట్లం పోయి ఇంకొకరి దుకాణంలో పంక్చర్లు వేసి, అక్కడే పోయాడు. చివరి వాక్యం ఇలా ఉంది: "నా తప్పు కోసం వెతికితే ఇది దొరికింది. ముందు ఆయన మీద వేసిన ముద్ర తీసేయండి, నా సంగతి తర్వాత చూడండి."

ఇది వేరే కాగితం మీద రాయి బాపూ, ముందు సభ్యత్వం రానీ అని బతిమాలాను.

"గీ తప్పు రాయకుంటె అది ఆత్మవిమర్శ ఎట్లయితది?" అన్నాడు.

కాకా రెండో పేజీ రెండుసార్లు చదివి కళ్ళద్దాలు తీశాడు. ఆ సైకిళ్ళాయన పార్టీ చీలినంక అవతలి దిక్కు పోయిండు, సచ్చిపోయిన వాళ్ళ మనిషిని మనమెట్ల తీసుకుంటం అన్నాడు. కాగితం అంచు సరిచేస్తూ మెల్లగా అడిగాడు.

"నేను గూడ ఎత్తిన చెయ్యి. మీ బాపు నా పేరు ఎందుకు రాయలే?"

"వేరేటోళ్ళ తప్పు రాస్తే ఆత్మవిమర్శ కాదట కాకా."

ఆయన గుండుసూది తీసి రెండో పేజీ నా ముందుకు తోశాడు. మొదటి పేజీ చాలు, సభ్యత్వ కార్డు రాయిస్త అన్నాడు. నేను ఆ పేజీ మడిచి జేబులో పెట్టుకున్నాను. బాపుకు ఎక్కువ రోజులు లేవు, అందుకే అలా చేశానని అప్పుడు అనుకున్నాను. ఇప్పుడు కూడా దాదాపు అలాగే అనుకుంటాను.

వారంలో కార్డు వచ్చింది. బాపు దాన్ని అటూ ఇటూ తిప్పి, తన పేరు మీద బొటనవేలు పెట్టి చూశాడు. తర్వాత, ఆ సైకిళ్ళాయన సంగతి ఏంది అన్నాడు.

"పరిశీలనలో ఉన్నది" అన్నాను.

కమిటీల్లో కూర్చున్న మనిషికి ఆ మాట అర్థం వేరే చెప్పక్కర్లేదు. రెండో పేజీ ఇవ్వమని చెయ్యి చాపాడు. జేబులోంచి తీసి ఇచ్చాను. దాన్ని కార్డుకు చుట్టి నా చేతిలో పెట్టాడు.

"రెండు కలిపి తీసుకోమను. లేకుంటె కార్డు ఆడనే ఇచ్చి రా."

మర్నాడు కార్డు కాకా టేబులు మీద పెట్టి వచ్చాను. రెండో పేజీ కూడా పెట్టాను. రెండింటినీ సొరుగులో వేశాడు. జవాబు రాలేదు. బాపు ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే బాగుండేది, అబద్ధం చెప్పడానికి నేను సిద్ధంగానే ఉన్నాను.

తొలకరి వానల్లో పోయాడు. కాకా ఒక్కడే కామారెడ్డి నుంచి బస్సులో వచ్చాడు, గుడ్డసంచిలో ఎర్రజెండా మడిచి పెట్టుకుని. వాకిట్లోనే నన్ను ఆపాడు.

"బాపు మీద వెయ్యాల్నా తమ్మీ?"

"ఆ సైకిళ్ళాయన సంగతి తేల్చిండ్రా కాకా?"

"కమిటీల పెట్టలే. పెడితె నా తప్పు గూడ రాయాలె గద."

"అయితే వద్దు."

ఆయన సంచి ఒళ్ళో పెట్టుకుని గోడవారన కూర్చున్నాడు. ఎవరో చాయ్ ఇస్తే వద్దన్నాడు. పాడె లేపినప్పుడు వచ్చి భుజం పట్టాడు. ఆ వయసులో వద్దని అందరూ అన్నా వినకుండా వీధి మూల దాకా పట్టి, అక్కడ ఊపిరాడక వదిలేశాడు. మీద తెల్లబట్టతోనే బాపును తీసుకుపోయాం.